కీమో రోజుల్లో ఒళ్లు పడే బాధ: ముందే తెలుసుకుందాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి లెక్కలు విన్నరు. ఇప్పుడు మేము చెప్పేది ఒంటి సంగతి. క్యాన్సర్ అనే మాట వింటేనే కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటరు. పెట్టుకున్నా సరే, వినండి. ఈ రెండేండ్లలో మా గ్రామైక్య సంఘంలోనే ముగ్గురు సభ్యులకు కీమో ఎక్కించినరు. ఇద్దరికి రొమ్ములో గడ్డ, ఒకరికి పెద్ద పేగులో. ముగ్గురి వెంట మేము వంతులు వేసుకుని ఆసుపత్రికి తిరిగినం. అక్కడి సిస్టర్లను అడిగి నోటుబుక్కులో రాసుకున్నవి, ఇంటి దగ్గర మా కండ్లతో చూసినవి ఇక్కడ చెప్తున్నం. మేము డాక్టర్లం కాదు. ఏ మందు, ఎంత, ఎన్నిసార్లు అన్నది డాక్టరే చెప్పాలె. ఆ మందు ఎక్కించుకుని ఇంటికొచ్చినంక రాత్రి ఎట్ల గడుస్తదో మాత్రం మేము చెప్పగలం.

ఇది ఎందుకు చెప్పాలనుకున్నమంటే, మన మండలంలోనే ఒక చెల్లె రెండు డోసులు తీసుకుని ఆపేసింది. వాంతులు, నోటి పుండ్లు, వెంట్రుకలు ఊడుడు అన్నీ ఒక్కసారే మీద పడేసరికి రోగం ముదిరిందనుకున్నది. "రోగంతోటి ఇంకొన్నేండ్లు ఉంటనేమో, ఈ మందుతోటి నెలల పోత" అన్నది. ఇదంతా మందు చేసే పని, రోజుల్లో తగ్గుతది అని ఆమెకు అర్థమయ్యేటట్టు ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలకు కడుపు ఉబ్బితే మళ్లీ తీసుకపోయినరు. అప్పటికి కాలేయానికి పాకింది. ఇప్పుడు ఆమె లేదు. ఆపకుంటే తప్పకుండా బతికేదని మేము అనం, అది ఎవరూ అనలేరు. కానీ భయంతోనే ఆపిందన్నది మాత్రం ఊరంతటికీ తెలుసు.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతావన్నీ తేలికైతయి. క్యాన్సర్ కణాలు చాలా తొందరగా పెరుగుతయి. కీమో మందు అట్ల తొందరగా పెరిగే కణాల మీద పడుతది. అయితే మన ఒంట్లో మంచి కణాలు కూడా కొన్ని తొందరగా పెరిగేవే ఉన్నయి. వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర, ఎముకల మూలుగలో తయారయ్యే రక్తం. చేనుకు కలుపు మందు కొడితే పక్కన పైరు కూడా ఆకు వాడుస్తది చూడండి, అట్లాంటిదే ఇది. పైరు మళ్లీ తేరుకుంటది, ఒళ్లు కూడా తేరుకుంటది. ఆ తేరుకునేందుకే చాలా మందులకు మధ్యలో రెండు మూడు వారాల గడువు ఇస్తరు. కొన్ని మందులు వారం వారం కూడా ఉంటయి. అందరికీ అన్ని బాధలూ రావు. మా ముగ్గురిలో ఒకామెకు నోట్లో ఒక్క పుండు కూడా కాలేదు. ఇంకొకామె పది రోజులు మంచినీళ్లు కూడా ఏడ్చుకుంటనే మింగింది. మందును బట్టి, మనిషిని బట్టి ఉంటది. కాబట్టి నేను చెప్పినవన్నీ మీకు అవుతయని అనుకోవద్దు, కాకపోతే మందు పని చేస్తలేదని కూడా అనుకోవద్దు.

మందు ఎక్కించే రోజు అసలు అంత భయం ఉండదు. పొద్దున రక్త పరీక్ష చేస్తరు. కణాలు సరిపోను ఉంటేనే మందు పెడతరు, లేకపోతే వారం ఆగి రమ్మంటరు. అట్ల వెనక్కి పంపితే కోపం తెచ్చుకోవద్దు, బస్సు ప్రయాణం దండగైందనుకోవద్దు. తర్వాత సెలైను, వాంతులు రాకుండా సూది, అప్పుడు అసలు మందు. రొమ్ము క్యాన్సర్ వాళ్లకు పెట్టే ఒక మందు ఎర్రగా షర్బత్ లెక్క ఉంటది. అది ఎక్కినంక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా పోతది. మా అక్క ఆసుపత్రి బాత్రూములోనే కెవ్వుమన్నది, రక్తం పోతుందని. అది రక్తం కాదు, మందు రంగు.

ఆ రోజు ఒక్కదానికి మాత్రం నోరు తెరిచి మాట్లాడాలె. సూది ఉన్న చోట మంట పుట్టినా, వాపు వచ్చినా, గుంజినట్టైనా అప్పుడే సిస్టర్‌ను పిలవాలె. కొన్ని మందులు నరంలోంచి బయటికి కారితే అక్కడి కండ పుండవుతది. మన ఆడవాళ్లకు ఓర్చుకునే అలవాటు ఎక్కువ. "ఏమన్న అనుకుంటరేమో" అని పండ్లు బిగబట్టి కూర్చుంటరు. అక్కడ ఓర్చుకోవద్దు. నాలుగైదు డోసులయ్యేసరికి చేతి నరాలు నల్లబడి తాడు లెక్క గట్టిపడతయి, సూది దొరకదు. అప్పుడు ఛాతీ దగ్గర చర్మం కింద చిన్న పోర్టు పెట్టే పద్ధతి ఉంటది, అడిగి చూడండి.

అదే రోజు రాత్రి నుంచి కడుపులో తిప్పుడు మొదలవుతది. కొందరికి మొదటి రోజు ఏమీ ఉండదు, రెండో రోజు నుంచి నాలుగో రోజు, ఐదో రోజు దాకా ఉంటది. ఇక్కడ మాకు సిస్టర్ చెప్పిన మాట చాలా పనికొచ్చింది. వాంతి మాత్రలు వాంతి అయినంక వేసుకునేవి కావు, రాకముందే టైముకు వేసుకునేవి. "బాగానే ఉంది కదా, మాత్రలు దాచిపెడదాం" అనుకుంటే తెల్లారి పేగులు నోట్లోకొస్తయి. నోరు ఇనుప ముక్క చప్పరించినట్టు ఉంటది. తాలింపు వాసన పడదు. ఆ నాలుగు రోజులు ఆమె ఇంట్లో పోపు పెట్టకుండా పక్కింటి వదిన వండి పంపింది. వేడి వేడిగా కాకుండా చల్లారినంక తింటే వాసన తక్కువ కొడతది. కడుపు నిండా ఒకేసారి కాకుండా గంటన్నరకు, రెండు గంటలకు కొంచెం కొంచెం. జొన్న జావ, ఇడ్లి, మెత్తటి అన్నంలో పప్పు కట్టు, బాగా ఉడికిన గుడ్డు. పథ్యం పేరు చెప్పి కడుపు మాడ్చే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఒకరుంటరు. గుడ్డు వద్దు, కూర వద్దు, చారు మెతుకులే అంటరు. ఒళ్లు తేరుకోవాలంటే పప్పు, గుడ్డు, బాగా ఉడికిన కోడికూర లాంటివే కావాలె. పసర్లు, చూర్ణాలు ఎవరైనా తెచ్చిస్తే డాక్టరుకు చూపించకుండా వేసుకోవద్దు. కొన్ని మందుతో పడవు, కొన్ని కాలేయం మీద పడతయి.

వాంతి మందులకు మలబద్ధకం అవుతది, ఇది ఎవరూ చెప్పరు. మా చెల్లెకు నాలుగు రోజులు విరేచనం కాలేదు, కడుపు రాయి అయింది. ఒక్క సిరప్ రాసిస్తే పోయింది. ఇంకొన్ని మందులకు దీనికి ఎదురు, నీళ్ల విరేచనాలు. ఓ.ఆర్.ఎస్. తాగుతూ ఉండాలె. ఆగకపోతే ఆసుపత్రికి పోవాలె. మందుకు తోడు స్టెరాయిడ్ ఇస్తరు కాబట్టి ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టదు, మొహం ఎర్రబడుతది. షుగర్ ఉన్నోళ్లకు షుగర్ బాగా పెరుగుతది. షుగర్ మాత్రలు వాడే సంగతి మొదటి రోజే డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నం. వెనక కూర్చున్న అక్కలు కూడా వినాలె.

వాంతులు తగ్గినయి, మనిషి లేచి తిరుగుతుంది, ఇగ గండం గడిచింది అనుకునే రోజులే అసలు గండం. మూడు వారాలకు ఒకసారి ఎక్కించే మందులకు సుమారుగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోతయి. మామూలుగా అవి 4,000 నుంచి 11,000 దాకా ఉంటయి. ఆ రోజుల్లో వెయ్యి కంటే కిందికి కూడా పోవచ్చు. తెల్ల కణాలంటే మన ఒంటికి కాపలా. కాపలా లేని ఇంట్లోకి ఎవరైనా జొరబడినట్టు, చిన్న క్రిమి కూడా రాత్రికి రాత్రే రక్తంలోకి పాకుతది. దానికి కనబడే గుర్తు ఒక్కటే, జ్వరం. 100.4 డిగ్రీలు ఉన్నదంటే, అది పగలైనా అర్ధరాత్రైనా, ఆసుపత్రికి బయలుదేరాల్సిందే. తెల్లారనియ్యి అనొద్దు. జ్వరం లేకుండా చలితో వణుకు వచ్చినా అంతే.

మా రెండో సభ్యురాలికి రెండో డోసు అయిన పదో రోజు రాత్రి పదకొండింటికి ఒళ్లు కాలింది. వాళ్లాయన జ్వరం గోలీ ఇచ్చి పడుకోబెడదామన్నడు. ఆయన తప్పేమీ లేదు, మామూలు జ్వరానికి అందరం చేసేది అదే. కానీ కీమో మనిషికి గోలీ ఇస్తే పైకి జ్వరం దిగుతది, లోపల క్రిమి పని క్రిమి చేసుకుంటనే ఉంటది. మా దగ్గర థర్మామీటర్ ఉండె, పెట్టి చూస్తే 101. 108కి ఫోన్ చేసినం. ఆసుపత్రిలో కాలు పెట్టంగనే చెప్పాల్సిన మొదటి మాట: "ఈమెకు కీమో నడుస్తుంది, పది రోజులైంది, జ్వరం 101." ఆ మాట వినంగనే వాళ్ల నడకే మారింది. రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించినరు. నాలుగు రోజులు ఉంచుకుని పంపినరు. ఇప్పుడు ఆమె అదిగో మూడో వరసలో కూర్చుని నవ్వుతుంది. చప్పట్లు కొట్టండి ఆమెకు.

ఆర్ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకోవడం ఆ రోజుల్లో పనికిరాదు. పోవాల్సింది పెద్దాసుపత్రికే. తెల్ల కణాలు పెరగడానికి కొందరికి బొడ్డు పక్కనో చేతికో సూది ఇస్తరు. దాంతో నడుము, తుంటి ఎముకలు లోపల్నుంచి గుంజుతయి. అది ఆ సూది పనే, డాక్టరును అడిగి దానికి గోలీ వేసుకోవచ్చు. ఆ వారం పది రోజులు పెండ్లిళ్లకు, జాతరలకు, జలుబు చేసిన పిల్లల దగ్గరికి పోకుండా ఉండాలె. బయట కోసి అమ్మే పండ్లు, చెరుకు రసం వద్దు. ఇంటికి చూడటానికి వచ్చేటోళ్లకు కూడా ఒక మాట. ముప్పై మంది మంచం చుట్టూ చేరి కండ్లనీళ్లు పెట్టుకుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు. చేతులు కడుక్కుని ఒకరిద్దరు పోండి, పోయినోళ్లు అంట్లు తోమిరాండి.

నోటి పుండ్లు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. కాచి చల్లార్చిన గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంట సోడా వేసి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలె. మెత్తటి బ్రష్ వాడాలె, వేప పుల్ల వద్దు, చిగుళ్లు గీసుకుంటయి. కారం, తొక్కులు, నిమ్మరసం ఆ రోజులకు పక్కన పెట్టాలె. నోరంతా పొక్కి నీళ్లు కూడా దిగకపోతే ఇంట్లో ఉండొద్దు.

ఇగ వెంట్రుకలు. మొదటి డోసైన రెండు మూడు వారాలకు ఊడుడు మొదలైతది. అన్ని మందులకూ ఊడవు, రొమ్ముకిచ్చే మందులకు చాలావరకు ఊడతయి. ఊడే ముందు రెండు రోజులు మాడు సలుపుతది, దిండు మీద తల పెట్టలేరు. తర్వాత దిండు మీద, బువ్వ పళ్లెంలో, బాత్రూం జాలిలో కుచ్చులు కుచ్చులు. డాక్టర్లకు ఇది చిన్న సంగతి. మాకు కాదు. మన దగ్గర ఆడదాని తల నున్నగా కనబడితే జనం రెండే అనుకుంటరు, మొక్కో కీడో. మా అక్క వాంతులకు ఏడవలేదు, సూదులకు ఏడవలేదు, జడ చేతిలోకి ఊడొచ్చిన రోజు ఏడ్చింది. ఆ సాయంత్రం మేము నలుగురం పోయి కూర్చున్నం. ఆమే అన్నది, "రోజూ కొంచెం కొంచెం చూసుకుంట ఏడ్చుడు నా వల్ల కాదు, ఒక్కసారే తీసెయ్యండి." తీయించినం. నూలు రుమాలు కట్టుకుంది. బస్సులో ఎవరో "గుట్టకు పోయొచ్చినవా అక్కా" అంటే, "ఈసారి మొక్కు ముందే చెల్లించిన, కోరిక ఇంకా దేవుడి దగ్గరే బాకీ ఉంది" అన్నది. కనుబొమ్మలు, రెప్పలు కూడా రాలతయి, గోర్లు నల్లబడతయి. కీమో అయిపోయినంక నెల రెండు నెలల్లో నూగు మొలుస్తది. ఆమెకు ఇప్పుడు చెవుల దాకా వచ్చింది, మునుపు లేని రింగులు తిరిగినయి.

పెద్ద పేగు సభ్యురాలికి పెట్టిన మందుతో వింత బాధ, చలి పడదు. చలికాలం పొద్దున బిందెలో చెయ్యి పెడితే కరెంటు కొట్టినట్టు గుంజింది. చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు అయింది. డోసు అయినంక కొన్ని రోజులు గోరువెచ్చటి నీళ్లే తాగాలె, ఇనుప గేటు పట్టుకోవాలన్నా చేతికి గుడ్డ చుట్టుకోవాలె. రొమ్ముకు వారం వారం ఇచ్చే ఇంకో మందుకు రెండో మూడో రోజు తొడలు, పిక్కలు నాట్లేసి వచ్చినట్టు గుంజుతయి, పోనుపోను వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతయి. జాకెట్ హుక్కు పట్టుబడదు. వేడి గిన్నె పట్టుకుంటే కాలింది తెలియదు. ఒట్టి కాళ్లతో చేనుకు పోతే ముల్లు దిగింది తెలియదు. తిమ్మిరి సంగతి ప్రతిసారీ డాక్టరుకు చెప్పాలె, అవసరమైతే మందు తగ్గిస్తరు. చెప్పకపోతే అది ఏండ్ల తరబడి ఉండిపోవచ్చు.

అలసట గురించి ఇంట్లోవాళ్లకే ఎక్కువ చెప్పాలె. ఇది పని చేసి వచ్చిన అలసట కాదు, పడుకుంటే తీరేది కాదు. స్నానం చేసి వచ్చి మళ్లీ పడుకోవాల్సి వస్తది. డోసు డోసుకూ పెరుగుతది. "పొద్దున బాగానే మాట్లాడింది, ఇప్పుడు నటిస్తుంది" అనే అత్తలను మేము చూసినం. రక్తం తగ్గినా ఇట్లనే ఉంటది, హిమోగ్లోబిన్ చూపించాలె. ఓపిక ఉన్న పూట వాకిట్లో పది నిమిషాలు నడిస్తే మంచిదని సిస్టర్లు చెప్పినరు. మతిమరుపు కూడా ఉంటది. మా చెల్లె సంఘం పుస్తకాలు రాసే మనిషి, పన్నెండు మంది పొదుపు కూడలేక పెన్ను కింద పెట్టి మా మొహం చూసింది. పిచ్చి కాదది. చాలామందికి మెల్లమెల్లగా తేరుకుంటది.

ఇది మైకులో చెప్పడం ఇబ్బందే, అయినా ఇక్కడ అందరం ఆడవాళ్లమే. నెలసరి ఆగిపోవచ్చు, ముందూ వెనకా కావచ్చు. ఒళ్లంతా ఆవిర్లు వస్తయి, లోపల పొడిబారుతది, భార్యాభర్తల కలయిక నొప్పిగా ఉంటది. నెలసరి ఆగింది కదా అని గర్భం రాదనుకోవద్దు. కీమో నడిచినన్ని రోజులు గర్భం రాకూడదు, నిరోధ్ వాడాలె. ఇంకా పిల్లలు కావాలనుకునే వయసు వాళ్లు మందు మొదలుపెట్టకముందే డాక్టరుతో ఆ మాట మాట్లాడాలె.

కీమో అంటుకునే రోగం కాదు, వేరే పళ్లెం, వేరే గది పెట్టొద్దు. పిల్లలు అమ్మను పట్టుకుని పడుకోవచ్చు. మందు ఎక్కినంక రెండు రోజులు మాత్రం వాంతి, మూత్రం ఎత్తేవాళ్లు చేతికి తొడుగులు వేసుకోవాలె, మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు పోయాలె, ఆ బట్టలు విడిగా ఉతకాలె.

జ్వరం సంగతి చెప్పినం. దానికి తోడు ఆయాసం, ఛాతీ నొప్పి, ముక్కులోంచో చిగుళ్లలోంచో ఆగని రక్తం, ఒక్క కాలే వాచి నొప్పి పుట్టడం, ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఆ పూటే బయలుదేరాలె. మిగతావి రాసి పెట్టుకుని తర్వాతి డోసు రోజు డాక్టరును అడగొచ్చు. రాసుకోవడం రానివాళ్లకు మన వీవోఏ రాసిపెడుతది.

ఖర్చు గురించి రెండు మాటలే. ఆరోగ్యశ్రీలో కీమో ఉంది, 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు చేసినరు. అదే నెల నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ లేదు. వైద్యానికి రైల్లో పోయే క్యాన్సర్ రోగికి, వెంట ఒక మనిషికి రాయితీ ఉంది, ఆసుపత్రి ఫారం కావాలె. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి. ఇవన్నీ ఉన్నా, పోయిన కూలి ఎవరూ ఇయ్యరు. పత్తి ఏరే రోజుల్లో ఆమె మంచంలో ఉంటే కిస్తు ఎట్ల కడుతది? మా గ్రామైక్య సంఘం తీర్మానం రాసుకున్నది. కీమో నడిచినన్ని నెలలు ఆ సభ్యురాలి అంతర్గత అప్పు కిస్తు ఆపుతం, మీటింగుకు రాకపోయినా జరిమానా లేదు. బ్యాంకు కిస్తు ఆగదు కాబట్టి దాన్ని మిగతా సభ్యులం సర్ది, ఆమె కోలుకున్నంక తీసుకుంటం. దీని మీద మాలో మాకే రెండు మీటింగులు కొట్లాట అయింది, నిజమే. మీ సంఘాల్లో కూడా అయితది. అయినా మొదలుపెట్టండి.

ఈ సంవత్సరం ఆరోగ్య నిధి నుంచి గ్రామైక్య సంఘానికి ఒక డిజిటల్ థర్మామీటర్ కొన్నం. భోజనాల తర్వాత స్టేజీ పక్కన సంతకం పెట్టి తీసుకోండి. చంక కింద పెట్టి, బీప్ అనేదాకా కదపొద్దు. నాలుక కింద పెట్టేదానికంటే చంకలో కొంచెం తక్కువ చూపిస్తది, అందుకే 100 దగ్గరికి వచ్చినా ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి. డబ్బా లోపల కాగితం మీద ఖాళీ గీత ఉంది. మీ ఊళ్లో ఎవరికి కీమో నడుస్తుంటే వాళ్ల ఆసుపత్రి రాత్రిపూట నంబరు ఆ గీత మీద రాసుకోండి. వాడినంక స్పిరిట్‌తో తుడిచి వీవోఏకు అప్పజెప్పండి, బీరువాలో పెట్టి తాళం మాత్రం వేయకండి.